పగలని అద్దం

సిద్ధరాములు శేట్ చీర మడత విప్పి తలుపు దగ్గర వెలుతురుకు పట్టాడంటే, షెడ్డులో సాంచాలు ఎంత మోత పెడుతున్నా మనుషులు మాత్రం ఊపిరి బిగబట్టేవారు. సాంచా అంటే కరెంటు మగ్గం. షోలాపూర్ తెలుగువాళ్లు దాన్ని మగ్గం అనడం ఎప్పుడో మానేశారు. శేట్‌వి నాలుగు సాంచాలు. మూడింటి మీద తెల్ల ధోవతులు దిగేవి. పడమటి మూలనున్న నాలుగోదాని మీద ఎర్రంచు నల్ల చీర దిగేది. ఆ సాంచా పెంటప్పది. శేట్ సొత్తే అయినా అందరూ పెంటప్ప సాంచా అనే అనేవారు.

ఆ పొద్దు శేట్ చేతిలో ఉన్నది పెంటప్ప నేసిన చీర. వెలుతురుకు పట్టగానే నలుపు మధ్యలో సన్నటి తెల్ల గీత ఒకటి నిలువునా కనిపించింది. పడుగులో పోగు తెగినప్పుడు నేసేవాడు చూసుకోకపోతే పడే గీత అది. తెగింది ఒక్క పోగే. కానీ ఆ ఒక్క పోగుతో చీర మొత్తం పక్కకు పోతుంది. మొన్న ఒకటి అలాగే పోయింది. అంతకు ముందు ఇంకొకటి.

శేట్ అరిచే మనిషి కాదు. అరిస్తేనే నయమని పనివాళ్లు అనుకునేవారు. అరిచి ఊరుకునే మాలక్‌తో వేగడం సులువు. ఈయన చీరను నెమ్మదిగా మడిచి, తానూ నేతవాడినేనన్న గౌరవం మాటలో పోకుండా, ఎదుటివాడు తల ఎత్తలేని ప్రశ్న వేస్తాడు.

"పెంటప్పా, ఒక్క మాట చెప్పు. మనసు పెట్టి నేస్తలేవా, లేకుంటే కండ్లు కనవడ్తలేవా?"

అడిగిన తీరు చూడండి. ఉన్నవి రెండే దారులు, రెండింటికీ చివర గొయ్యే. పక్కన, సాంచాలు బాగుచేసే జాబర్ పోచయ్య పానా చేత్తో పట్టుకుని నేల చూస్తున్నాడు. మిగతా ముగ్గురూ సాంచాలు ఆపకుండానే చెవులు ఇటు వేశారు. పెంటప్ప తన తండ్రి గుంట మగ్గం మీద కాళ్లు అందని వయసులోనే కూర్చున్నవాడు. పని మీద మనసు లేదని ఒప్పుకోవడం అతని వల్ల కాదు. అలాంటి మాట ఒకసారి నోటి నుంచి వస్తే నేతవాళ్లుండే దాజీ పేటలో ఏ గడపా అతన్ని నేతగాడని పిలవదు.

"కండ్లే, శేట్. మసక మసకగ కనవడ్తున్నై," అన్నాడు.

శేట్ ముఖం మెత్తబడింది. ముందే చెబితే అయిపోయేది కదా, ఇన్నాళ్లు ఎందుకు దాచావని మందలించాడు. రేపటి నుంచి ఈ సాంచా మీద నీ మేనల్లుడు రాజారాం నిలబడతాడని, పెంటప్ప ఇంటి దగ్గర కండెలు చుట్టి పంపితే చాలని, పెద్దవాడివి, నిన్ను వదిలేస్తానా అని, అన్నీ మంచి మాటలే చెప్పాడు. పెంటప్ప తలూపాడు. సాంచా ఆపి, చెక్క మీద పెట్టిన తన కత్తెర, పోగు లాగే కొక్కెం తీసుకుని జేబులో వేసుకున్నాడు. చొక్కా తొడుక్కునేటప్పుడు చేతులు గుండీలను వెతుక్కున్నాయి. అది చూసి పోచయ్య, పాపం నిజంగానే చూపు పోయిందనుకున్నాడు.

అతను శేట్‌కు అబద్ధం చెప్పలేదు. ఏడాదిగా ఆ సాంచా మీద అతనికి చూపు ఆనడం లేదు. నల్ల పడుగు అతని కళ్ల ముందు ఒకే నల్ల గుడ్డగా కలిసిపోయేది. తెగిన పోగును కళ్లతో పట్టుకోలేక, పడుగు మీద అరచేయి పరిచి వేళ్లతో తడిమేవాడు. వదులుగా తగిలిన చోట ఆగి, దువ్వెనలాంటి పన్నె పళ్లలో ఖాళీ ఎక్కడుందో గోటితో వెతికి, కొక్కెం దూర్చి పోగు లాగి ముడి వేసేవాడు. వేళ్లు చాలాసార్లు గట్టెక్కించాయి. వేళ్లు పట్టుకోలేని రోజున చీరలో గీత పడేది. కరెంటు బుగ్గ ఒకటి ఉంది గానీ, పగటి పూట దాన్ని వెలిగిస్తే శేట్ స్వయంగా వచ్చి ఆర్పేవాడు.

ఇది తమ ఇంటి మగవాళ్ల రాత అనుకున్నాడు పెంటప్ప. అతని తండ్రికి ఇదే వయసులో చూపు తగ్గింది. తాతకూ అంతేనట. ఇద్దరూ మగ్గం దిగి రాట్నం ముందు కూర్చున్నవాళ్లే. అందుకే అతను వైద్యుడి దగ్గరికీ పోలేదు, ఎవరికీ చెప్పలేదు. భార్య ద్రౌపదికి మాత్రం అనుమానం వచ్చి నందివర్ధనం పూలు కళ్ల మీద పెట్టింది, ఎల్లమ్మకు వెండి కళ్లు చేయిస్తానని మొక్కుకుంది. పోయిన వానాకాలంలో ముసురు పట్టిన రోజుల్లో సాంచా మీద పోగులు తేటగా కనిపించాయి. వాన చలువకు కళ్లు తేరుకున్నాయని ఇద్దరూ సంతోషించారు. ఎండలు రాగానే మళ్లీ మొదటికొచ్చింది.

*

ఇంట్లో రాట్నం తిప్పడం మగవాడికి నామోషీ. ఆడవాళ్లు తిప్పుతారు, పిల్లలు తిప్పుతారు, మంచాన పడబోయే ముసలివాళ్లు తిప్పుతారు. పెంటప్ప అందుకే రాట్నాన్ని వాకిట్లో వేసుకోలేదు. గల్లీలో పోయేవాళ్ల కంట పడకుండా తలుపు చాటున, గోడకు పొయ్యికి నడుమనున్న చీకట్లో వేసుకున్నాడు. ద్రౌపది వాకిట్లోనే ఉండేది. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, బీడీ చుట్టి, మొన మడిచి, దారం కట్టి పక్కన పడేసేది. చేతులు ఆపకుండానే లోపలి చప్పుడు వినేది.

రాట్నం మధ్య మధ్యలో ఆగుతోంది. ఆగినప్పుడల్లా కత్తెర చప్పుడు, ఆ తర్వాత మళ్లీ రాట్నం. అది రెండో రోజు. ద్రౌపది చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లి చూసింది. పెంటప్ప చిలప కట్టలోని నల్ల నూలును కండెకు ఎక్కిస్తున్నాడు. నూలులో ఎక్కడ ముడి వచ్చినా, ఎక్కడ పోగు సన్నబడినా ఆపి, తుంచి, కొత్తగా ముడి వేస్తున్నాడు. తుంచిన ముక్కలు మోకాలి దగ్గర చిన్న కుప్పగా పడ్డాయి.

"ఈ చీకట్ల కూసోని నల్లపోగుల ముడి ఎట్ల దొరకవడ్తున్నవయ్యా?" అంది.

వేళ్లకు తెలుస్తుందన్నాడు. వేళ్లకు తెలిస్తే రాట్నం ఆపక ముందే ఎలా చూస్తున్నావని అడిగింది.  ద్రౌపది వాకిట్లోకి వెళ్లి, తన కట్టలోంచి ఒక తునికాకు తీసి, గడపలో నిలబడి పట్టుకుంది.

"దీనికి బెజ్జమున్నదా, చెప్పు."

"కొసకున్నది. ఈనె పక్కన ఇంకోటి."

ద్రౌపది ఆకును తన ముఖం దగ్గరికి తెచ్చుకుని తిప్పి చూసింది. మొదటిది కనిపించింది. రెండోదాన్ని వెలుతురుకు పట్టి గానీ పోల్చుకోలేకపోయింది. ఆకు కింద పడేసి, "నీ కండ్లకు ఏ రోగం లేదు," అంది.

సంతోషించవలసిన మాటే. పెంటప్ప మాత్రం కత్తెర కింద పెట్టేశాడు. కళ్లు బాగుంటే మరి ఆ గీతలు ఎలా పడ్డాయి? శేట్ చూపినవి రెండే దారులు. కళ్లు కాకపోతే మనసే. ఇన్నేళ్ల తర్వాత తనకు పని మీద శ్రద్ధ పోయిందా? తనకే తెలియకుండా పోతుందా? ఆ పూట జొన్నరొట్టె సగం తిని లేచాడు.  ద్రౌపది సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని చూస్తే అతనికి ఏడుపొచ్చింది.

*

కండెల గంప నెత్తిన పెట్టుకుని షెడ్డుకు వెళ్లేసరికి పగటి సెలవైంది. పనివాళ్లు డబ్బాలు పట్టుకుని వేపచెట్టు కిందికి పోయారు. అక్కల్‌కోట్ రోడ్డు వైపున్న ఆ షెడ్డు పక్కనే రోడ్డు కోసం రాళ్లు పిండి చేసే ఖడీ మిషన్ ఉంది. అది మాత్రం మధ్యాహ్నం కూడా ఆగలేదు. పడమటి గాలి దాని దుమ్మును పోగుచేసి షెడ్డు మీదికి విసురుతోంది.

రాజారాం అన్నానికి పోలేదు. పెంటప్ప సొంత చెల్లెలి కొడుకు అతను. పని నేర్పింది పెంటప్పే. ఆగిన సాంచా మీదికి వంగి, పడుగు మీద అరచేయి పరిచి వేళ్లతో తడుముతున్నాడు. పెంటప్ప వెనకాల నిలబడి ఆ చేతినే చూశాడు. అలా తడమడం తాను ఎవరికీ నేర్పలేదు.

మేనమామను చూడగానే రాజారాం చేయి వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ చూశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మామా, నీకొక్కనికే చెప్తున్న. పోగులు కనవడ్తలేవు. నాక్కూడ కండ్లు పోతున్నట్టున్నై," అన్నాడు.

పాతికేళ్లు నిండని మనిషి. భార్య సావిత్రికి నెలలు నిండుతున్నాయి. ఇప్పటికే ఒక చీరలో గీత పడిందని, శేట్ ఇంకా చూడలేదని, చూస్తే తననూ రాట్నం ముందుకు పంపుతాడని చెప్పాడు. తమ ఇంటి రోగం తల్లి నుంచి తనకు వచ్చిందేమోనని కూడా అన్నాడు. ఇద్దరికీ మసక కనిపించింది ఈ ఒక్క సాంచా మీదేనని పెంటప్పకు అప్పుడు తట్టింది.

నేతగాడు పని చేసేటప్పుడు పైకి చూడడు. చూపంతా పడుగు మీదే. ఆ సాంచా దగ్గర అన్నేళ్లు నిలబడ్డ పెంటప్ప ఆ రోజే మొదటిసారి తల ఎత్తి, వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూశాడు.

వెలుతురు రెండు అద్దాల్లోంచి వస్తుంది. ఒకటి పడమటి గోడలో నిటారుగా ఉంది. రెండోది దాని పైన, కప్పులో ఏటవాలుగా ఉంది. వెనక అవి మామూలు గాజువే. ఖడీ మిషన్ వచ్చాక రాతి ముక్కలు ఎగిరొచ్చి వాటిని పగలగొట్టడం మొదలైంది. శేట్ విసిగిపోయి బొంబాయి పాత సామాన్ల బజారు నుంచి ప్లాస్టిక్ అద్దం తెచ్చాడు. యుద్ధకాలపు విమానాలకు వాడగా మిగిలిన రేకు అది. బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టి, అదే చేత్తో సుత్తి తీసుకుని దాన్నీ కొట్టాడు. పగలలేదు. అప్పటి నుంచి చుట్టం వచ్చినా, బేరగాడు వచ్చినా శేట్ సుత్తి తెప్పించి ఆ అద్దాన్ని కొట్టి చూపించేవాడు. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకునేవారు. నిజం చెప్పాలంటే అది ఈనాటికీ పగలలేదు.

పెంటప్ప చూస్తుంటే గోడ అద్దం పాలు పోసినట్టు తెల్లగా ఉంది. కప్పు అద్దం ఇంకా తెల్లగా, గోడకు సున్నం కొట్టినట్టే ఉంది. గోడ అద్దానికి బయట పై అంచున శేట్ పేరున్న రేకు బోర్డు వేలాడుతోంది. ఆ బోర్డు అడ్డం పడిన మేరకు అద్దం తేటగా ఉంది. ఆ సన్నటి పట్టీలోంచి నీలి ఆకాశం కనిపిస్తోంది.

లోపలి నుంచి వేలితో రుద్ది చూశాడు. నున్నగా ఉంది. బయటికి వెళ్లి, రాళ్ల కుప్ప మీద నిలబడి అటు వైపు రుద్దాడు. పిల్లి నాలుకలా గరుకుగా తగిలింది. దుమ్మేమోనని రాజారాం చేత నీళ్లు తెప్పించి పోశాడు. నీళ్లు పడగానే అద్దం తేటబడింది. లోపలి సాంచా, దాని మీద నల్ల పడుగు, వేలాడే కరెంటు బుగ్గ అన్నీ కళ్లకు కట్టాయి. రాజారాం నవ్వాడు. ఇద్దరూ అలా చూస్తుండగానే ఎండకు తడి ఆరింది. ఆరిన చోటల్లా తెలుపు తిరిగొచ్చింది. పెంటప్పకు ముసురు రోజులు గుర్తొచ్చాయి. చలువ చేసింది తన కళ్లకు కాదు.

మురికి అయితే నీళ్లతో పోవాలి. ఇది మురికి కాదు, అద్దమే అరిగింది. గాలితో వచ్చిన ఒక్కో ఇసుక రేణువు కంటికి ఆననంత కొరికి పోయింది. గాజు అయితే ఎప్పుడో పగిలి, పగిలిందని నలుగురికీ తెలిసి, కొత్తది పడేది. ఇది పగలదు కాబట్టి దీన్ని ఎవరూ చూడలేదు. కప్పు అద్దం ఎందుకు ఎక్కువ పాడైందో కూడా పెంటప్పకు పట్టుబడింది. పోగు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె ముక్కు సూటిగా దెబ్బ తింటుంది. అయినా ముందు అరిగేది ముక్కు కాదు, రాసుకుంటూ పోయే పక్క. గోడకు సూటిగా తగిలిన ఇసుక ఎగిరి పడిపోతుంది. ఏటవాలు అద్దానికి తగిలింది దాన్ని గీరుకుంటూ పోతుంది.

పెంటప్ప రాళ్ల కుప్ప మీదే కూర్చున్నాడు. మనసూ పోలేదు, కళ్లూ పోలేదు. ఏడాది పాటు ఒక అరిగిన రేకు అతన్ని గుడ్డివాడిని చేసింది. అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చాడు.

వెంటనే శేట్ దగ్గరికి పోదామన్నాడు. రాజారాం ఆపాడు. "ఇప్పుడే చెప్తే శేట్ సుత్తి పట్టుకోని కొట్టి చూపెడ్తడు, మామా. మొదలు అద్దం సాఫ్ చేద్దాం. ఒక్క చీర మంచిగ దిగనీ. అది చూపెట్టి అడుగుదాం."

మాట సబబుగానే తోచింది. శేట్ కళ్లతో చూస్తే గానీ నమ్మడు. పెంటప్ప సరేనన్నాడు.

*

వారపు సెలవు నాడు ఖడీ మిషన్ కూడా ఆగుతుంది. పెంటప్ప తెల్లారగానే నిచ్చెన వేశాడు. రాజారాం కింద పట్టుకుని నిలబడ్డాడు.

అరిగిన నాడెను నున్నగా చేయడం నేత ఇంట పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాడె గరుకైతే పోగులు తగిలి తెగుతాయి. ముందు సన్న గరుకు కాగితంతో రాస్తారు, తర్వాత జల్లించిన బూడిదతో, చివర ఉత్త గుడ్డతో. పెంటప్ప అదే పద్ధతి పట్టాడు. మొదట అద్దం మూల మీద పొడి గుడ్డతో బూడిద రాశాడు. గుడ్డలో చిక్కుకున్న ఇసుక కొత్త గీతలు గీసింది. తన తొందరను తానే తిట్టుకుని, ఆ గుడ్డ పారేశాడు. ముందు అద్దాన్ని నీళ్లు పోసి పోసి కడిగాడు. తడి ఆరకుండా గరుకు కాగితం పెట్టి, ఒత్తకుండా, ఒకే వైపు రాశాడు. అద్దం ఇంకా తెల్లబడింది. కింద నుంచి రాజారాం, ఇంకా పాడవుతోందని భయపడ్డాడు. పెంటప్ప పట్టించుకోలేదు. నాడె కూడా బాగుపడే ముందు అలాగే కనిపిస్తుంది.

బూడిద తర్వాత ఇంకా మెత్తనిది కావలసి వచ్చింది. ద్రౌపది ఇంట్లోంచి పళ్లపొడి డబ్బా తెచ్చి ఇచ్చింది. సాంచాల కింద రాలిన దూది ఉండ చేసి, తడిపి, పళ్లపొడి అద్ది తోమాడు. ఎండ నెత్తికెక్కింది. కప్పు రేకులు మోకాళ్లను కాల్చాయి. భుజం పీకుతుంటే చేయి మార్చాడు. తోమిన చోట కండువాతో తుడిచి చూశాడు. అరచేయంత మేర అద్దంలోంచి కింది సాంచా మీది నల్ల పోగులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి.

పొద్దు వాలేసరికి రెండు అద్దాలూ తేటబడ్డాయి. కొత్తవాటిలా కాలేదు, పక్క నుంచి చూస్తే అలలు అలలుగా ఉన్నాయి. కానీ వెలుతురు సాంచా మీద నిండుగా పడింది. రాజారాం లోపలికి పరుగెత్తి పడుగు మీదికి వంగి చూశాడు. బయటికొచ్చి మేనమామ కాళ్ల దగ్గర కూర్చుని, బూడిద పట్టిన ఆ పాదాలను తన కండువాతో తుడిచాడు. నా ఇంటిని నిలబెట్టావన్నాడు. పెంటప్ప ఇబ్బంది పడి కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికి పోతూ ద్రౌపది, శేట్ సాంచా తిరిగి ఇస్తే రాజారాం గతి ఏమిటని అడిగింది. పెంటప్ప దాని గురించి అప్పటికే ఆలోచించాడు. ధోవతుల సాంచా మీది ముసలాయన ఊరికి పోతానంటున్నాడు, ఆ చోటు రాజారాంకు ఇప్పించమని తానే శేట్‌ను అడుగుతానన్నాడు. ఆ ఆలోచనను మేనల్లుడితో మాత్రం చెప్పలేదు. ముందు శేట్ ఒప్పుకోవాలి కదా అనుకున్నాడు.

*

చీర దిగిన రోజు పెంటప్ప ఉతికిన ధోవతి కట్టుకుని షెడ్డుకు వెళ్లాడు. శేట్ అప్పటికే తలుపు దగ్గర నల్ల చీర విప్పి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీత లేదు. పోచయ్యను పిలిచి చూపించాడు. మొదటి చీరలో గీత పడినా ఇప్పుడు రాజారాం చేయి కుదిరిందని, వయసు కళ్లు వయసు కళ్లేనని మెచ్చుకున్నాడు. పెంటప్పను చూసి, నీ అల్లుడు నీ పేరు నిలబెట్టాడని అభిమానంగా నవ్వాడు.

పెంటప్ప గంప దించి చేతులు కట్టుకున్నాడు. అనుకున్నవన్నీ వరసలో చెప్పాలని ఇంటి దగ్గర నుంచి మనసులో అల్లుకుంటూ వచ్చాడు. నోరు తెరిచేసరికి చివరిది ముందు వచ్చింది.

"నా సాంచా నాకు ఇప్పియ్యుండ్రి, శేట్. నా కండ్లు మంచిగనే ఉన్నై. అద్దం అరిగింది."

శేట్‌కు ముందు అర్థం కాలేదు. పెంటప్ప చెప్పాడు. ఖడీ మిషన్ దుమ్ము గురించి, బోర్డు చాటున్న పట్టీ గురించి, నీళ్లు పోస్తే తేటబడి ఆరితే తెల్లబడడం గురించి, తాను సెలవు నాడు తోమడం గురించి, ఏదీ వదలకుండా చెప్పాడు. శేట్ ఓపికగా విన్నాడు. విని, పోచయ్య చేతిలోంచి సుత్తి తీసుకుని గోడ దగ్గరికి వెళ్లి అద్దాన్ని కొట్టాడు. అద్దం ఢమఢమమంది.

"ఏడ అరిగింది? బరోబర్ ఉన్నది. ఎంత సాఫ్ ఉందో నువ్వే చూడు."

సాఫ్‌గానే ఉంది. భుజాలు పోయేలా తోమింది పెంటప్పే. శేట్ సుత్తి దించి, మెత్తగానే అన్నాడు. "కండ్లు పోయినయని నీ నోటితోని నువ్వే చెప్తివి, పెంటప్పా. నేనన్ననా?"

పెంటప్ప రాజారాం వైపు చూశాడు. శేట్ కూడా అటే తిరిగాడు. సాంచా ఆపమని సైగ చేశాడు. ఆ ఒక్క సాంచా ఆగితేనే షెడ్డంతా నిశ్శబ్దమైనట్టు తోచింది.

"నువ్వు చెప్పు, రాజారాం. నీకెప్పుడన్న మసకగ కనవడిందా?"

రాజారాం చేయి సాంచా పిడి మీదే ఉంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పైనుంచి వచ్చిన వెలుతురు అతని ముఖం మీద పడుతోంది. ఆ ముఖంలో ఏం జరుగుతోందో పెంటప్పకు స్పష్టంగా కనిపించింది.

"లేదు, శేట్. నాకు మంచిగనే కనవడ్తది."

"మరి మొదటి చీరల గీత పడే?"

"చెయ్యి కొత్త గదా, శేట్. ఇప్పుడు కుదిరింది."

శేట్ తలూపాడు. పెంటప్పకు కోపం తన్నుకొచ్చింది. నిచ్చెన పట్టుకున్నది ఎవరు, నీళ్లు తెచ్చింది ఎవరు, కాళ్లు తుడిచింది ఎవరు అని గట్టిగా అడగాలనిపించింది. అడిగేవాడే. కానీ రాజారాం కళ్లు అతన్ని ఆపాయి. అబద్ధమాడిన మనిషి పొగరు వాటిలో లేదు, ఉత్త భయమే ఉంది. గొయ్యి రెండు పక్కలా ఉన్నప్పుడు మనిషి నోటి నుంచి ఏది వస్తే అది వస్తుంది. అదే తలుపు దగ్గర కొద్ది రోజుల కింద పెంటప్పకూ అలాగే వచ్చింది. ఆ సంగతి అర్థమైనందుకు అతని బాధ తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది.

గంప ఎత్తుకున్నాడు. శేట్ దగ్గరికొచ్చి, నూలు తప్పకుండా పంపుతానని, కళ్లకు మరీ శ్రమ ఇవ్వవద్దని చెప్పాడు. పోచయ్య ముందుకొచ్చి, గడప తగలకుండా పెంటప్ప మోచేయి పట్టుకుని బయటికి నడిపించాడు. పెంటప్ప ఆ చేయి విదిలించుకోలేదు.

*

దీపాలు పెట్టే వేళకు రాజారాం వచ్చాడు. వాకిట్లో ద్రౌపది బీడీలు చుడుతోంది. జరిగింది ఆమెకు తెలుసు. తల ఎత్తలేదు, కూర్చోమనలేదు, చాట జరిపి దారి ఇవ్వలేదు. అతను గడప అవతలే నిలబడ్డాడు. పెంటప్ప ఆ రోజు రాట్నాన్ని తలుపు చాటు నుంచి తీసి వాకిట్లో అందరికీ కనిపించేలా వేసుకున్నాడు. కండె సగం నిండింది.

"మామా, నేను..." అని రాజారాం మొదలుపెట్టాడు.  గల్లీలో ఎవరో మరాఠీలో పిల్లలను కేకేస్తున్నారు. అతను ఆ కేక అయ్యేదాకా ఆగి, వేరే మాట అడిగాడు. "దుమ్ము ఇయ్యాల మస్తు కొట్టింది. అద్దం మళ్ల మసకేస్తే ఎట్ల?"

ద్రౌపది చేతులు ఆగాయి. అడగడానికి నోరెలా వచ్చిందన్నట్టు మేనల్లుడి వైపు చూసింది, ఆ తర్వాత భర్త వైపు చూసింది. పెంటప్ప రాట్నం ఆపలేదు. కండె నిండేదాకా తిప్పాడు. నిండినదాన్ని తీసి గంపలో వేశాడు.

"ముందుగాల కడుగు. పొడిగుడ్డ పెట్టకు, గీతలు పడ్తై. కప్పు మీదిది నెలకోసారి తోమాలె. గోడది రెణ్నెల్లకు తోమినా సరే. పళ్లపొడి దూదికి అద్దు, అద్దానికి అద్దకు. ఒకే దిక్కు రాయి."

రాజారాం వింటున్నాడు. చెప్పిన ఒక్కో మాటకూ అతని తల ఇంకొంచెం వంగుతోంది. పెంటప్ప ఖాళీ కండె తీసుకుని, పోగు కొస వెతికి, దానికి చుట్టాడు.

"ఎంత తోమినా రోజురోజుకు పలచబడ్తది. ఒకనాటికి తోమినా తేటబడదు. ఆనాడు శేట్ నీ సాంచా కాడికొచ్చి అడుగుతడు. ఏమన్న చెప్పుకో. చెయ్యి నొచ్చిందను, జెరమొచ్చిందను. కండ్లు కనవడ్తలేవని మాత్రం ఎవ్వరితోని అనకు, బిడ్డా."